ఏ గూటికిని చెందని తేయాకులు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో తేయాకును గూర్చి మాట్లాడెదనని చెప్పినప్పుడు కార్యదర్శిగారు ఒక నిమిషము ఊరకుండి, "అందులో చెప్పుటకేమున్నదండీ, త్రాగుటయే గదా" అనిరి. వారి మాటలో సబబు లేకపోలేదు. అయినను ప్రొద్దుట ఇచ్చటికి వచ్చి పత్రిక విప్పువారిలో, ప్రక్కన చాయ గ్లాసు లేకుండ చదువువారు ఎందరు? పుస్తకమునకు, చాయకు గల స్నేహము పాతది. ఆ ధైర్యముతోనే నిలిచినాను. చైనాదేశములోని కొన్ని అపురూపమైన తేయాకులను గూర్చి, అందును పండితులు ఏర్పరచిన తరగతులలో ఇమడక మొండికెత్తిన వానిని గూర్చి, ఈ సాయంకాలము ముచ్చటించెదను.

ముందుగ మాటను గూర్చి ఒక మాట. మనము చాయ అందుము. కృష్ణా, గోదావరీ తీరములవారు టీ అందురు. పుస్తకములు వ్రాయువారు తేనీరు అందురు. తేనీరనగా తేనె వంటి నీరని తలచువారును గలరు. తలపు అందముగనే ఉన్నది గాని అందలి 'తే' తేనె కాదు. చైనా దక్షిణ సముద్రతీరమున, ఫూజియను రాష్ట్రములో, అమోయ్ రేవు ప్రాంతపు జనులు ఈ ఆకును 'తే' అందురు. పదునేడవ శతాబ్దములో డచ్చి వర్తకులు ఆ మాటను ఓడకెక్కించి ఐరోపాకు కొనిపోయిరి. అది ఇంగ్లీషువారి నోట టీ అయినది. చైనాలో తక్కిన ప్రాంతములవారు చాలమంది 'చా' అందురు. ఆ మాట భూమార్గమున బిడారులతో నడచి పారశీకమున 'చాయ్' అయి, హిందూస్థానీతో హైదరాబాదు చేరినది. కావున మేడ్చలులో చాయ అడుగువాడు ఒంటెల దారిని వచ్చిన మాటను, కాకినాడలో టీ అడుగువాడు ఓడల దారిని వచ్చిన మాటను పలుకుచున్నాడు. ఆకు మాత్రము ఒక్కటియే.

పేర్లు ఎన్ని యున్నను వస్తువు ఒక్కటే యగుట గ్రంథాలయములో పనిచేయువారికి తెలియని చిక్కు కాదు. తేయాకును గూర్చిన పుస్తకము వచ్చినచో దానిని వ్యవసాయపు గూటిలో పెట్టవలెనా? వర్తకపు గూటిలోనా? చరిత్రలోనా? వంటలలోనా? మన దేశపు గ్రంథాలయ శాస్త్ర పితామహుడు రంగనాథన్ గారు 1933 లో ప్రకటించిన ద్విబిందు వర్గీకరణము ఇట్టి చిక్కును విడదీయుటకు పుట్టినదే. ఒక పుస్తకమునకు ఒకే ముఖముండదని ఆయన గ్రహించెను. గూడు తప్పిన పుస్తకము పోయిన పుస్తకముతో సమానము. అది బీరువాలోనే ఉండును గాని అడిగినవానికి దొరకదు. తేయాకుల విషయములోను ఇట్టిదే జరిగినది, జరుగుచున్నది. నేను చెప్పబోవునది ముఖ్యముగ అదియే.

ఆకు ఒక్కటియే అను సంగతి పాశ్చాత్య పండితులకు బోధపడుటకు చాల కాలము పట్టినది. చెట్టుచేమలకు శాస్త్రీయమైన జంటపేర్లు పెట్టు పద్ధతిని నెలకొల్పిన స్వీడను దేశీయుడు లిన్నేయసు 1753 లో తేయాకు చెట్టునకు ఒక్క పేరు పెట్టెను. 1762 లో మనసు మార్చుకొని దానిని రెండు జాతులుగ చీల్చెను. పచ్చ తేయాకునిచ్చు చెట్టు వేరు, నల్ల తేయాకునిచ్చు చెట్టు వేరు అని ఆయన తలచెను. ఆయన చైనాకు పోలేదు. పెట్టెలలో వచ్చిన ఆకులు రెండు రంగులుగ ఉన్నవి, అంతియే. ఆ తలపు ఎనుబది యేండ్లకు పైగ నిలిచినది. రాబర్టు ఫార్చ్యూను అను స్కాట్లండు తోటమాలి 1843 లో చైనాకు పోయి, తోటలలో తిరిగి, ఒకే చెట్టు ఆకుతో పచ్చదియు నల్లదియు కూడ చేయుదురని కనుగొని, 1847 నాటి తన యాత్రాగ్రంథములో ప్రకటించెను. (తరువాత చైనానుండి మొక్కలను, గింజలను, పనివారిని గూడ తెచ్చి మన హిమాలయపు సానువులలో దింపినవాడును ఈయనయే. ఆ కథ దొంగతనపు కథ, మరియొకనాడు చెప్పుకొనవచ్చును.)

చెట్టు ఒక్కటి యైనచో భేదమంతయు ఎక్కడిది? చేతి పనిలోనిది. వంకాయను కోసి గాలికి ఉంచినచో నల్లబడును. అందుకే అమ్మలు ఉప్పునీటిలో వేయుదురు. తేయాకును నలిపినచో జరుగునదియు అట్టిదే. ఆకులోని రసమునకు గాలి సోకి రంగు, వాసన, రుచి మారును. ఈ మార్పును మొదటనే వేడితో ఆపివేసినచో పచ్చ తేయాకు. పూర్తిగ జరుగనిచ్చినచో ఎర్ర తేయాకు. ఇంగ్లీషువారు నల్ల టీ అనునది దీనినే. చైనావాడు కషాయపు రంగును చూచి పేరుపెట్టెను, ఇంగ్లీషువాడు ఎండిన ఆకు రంగును చూచి పెట్టెను. నడుమ నిలిపినచో ఊలాంగు. దానికి నీలిపచ్చ అని పేరు. నలుపక, వేచక, కేవలము వాడబెట్టి ఆరబెట్టినచో తెల్ల తేయాకు. తడి, వేడి తగులునట్లు కుప్పవేసి, కంటికి కనబడని సూక్ష్మజీవులచేత పులియనిచ్చినచో నల్ల తేయాకు. ఆరవది పసుపు తేయాకు. ఆన్హుయి వ్యవసాయ కళాశాలలో ఆచార్యుడైన చెన్ చువాన్ 1979 లో ఈ ఆరు తరగతులను శాస్త్రీయముగ నిరూపించెను. 2023 లో అంతర్జాతీయ ప్రమాణముల సంస్థయు ఈ ఆరింటినే అంగీకరించినది. ఆకు పుట్టిన చోటు గాని, చెట్టు వయస్సు గాని ఇందు లెక్కలోనికి రావు. పనివాని చేయియే లెక్క. ఇది మెచ్చదగిన వర్గీకరణము. అయినను ఆరు గూళ్లలోను సరిగ కూర్చుండనివి చాల ఉన్నవి.

ఆరవ గూటితోనే మొదలుపెట్టెదను. పసుపు తేయాకును చేయువారు చేయు పనికి మన భాషలో చక్కని మాట ఉన్నది: మాగబెట్టుట. మామిడికాయలను వరిగడ్డిలో కప్పి మాగబెట్టుదుము గదా. వారును బాణలిలో వేచిన ఆకు ఇంకను వెచ్చగ, కొంచెము తడిగ ఉండగనే కాగితములోనో గుడ్డలోనో మూటగట్టి ఉంచుదురు. విప్పి, ఆరబెట్టి, మరల కట్టుదురు. హూనాను రాష్ట్రములో డోంగ్‌టింగ్ సరస్సు నడుమ జున్‌షాన్ అను చిన్న ద్వీపమున్నది. అచ్చటి సూదిమొగ్గల తేయాకు ఈ జాతిలో పేరెన్నికగన్నది. దానిని చేయుటకు సుమారు మూడు దినములు పట్టును. మూట ఎప్పుడు విప్పవలెనో గడియారము చెప్పదు, వాసన చెప్పును. ఒక పూట ముందు విప్పినచో పచ్చివాసన పోదు, ఒక పూట ఆలస్యమైనచో ముక్కిపోవును. సరిగ కుదిరినచో పచ్చ తేయాకులోని గడ్డివాసన, వగరు పోయి మెత్తని తీపి మిగులును.

ఇంత పాటుపడి చేసిన ఆకు చూపునకు ఎట్లుండును? సరిగ చేయని పచ్చ తేయాకువలె వెలవెలబోయి ఉండును! అంగడికి వచ్చినవాడు నిగనిగలాడు పచ్చదనము కోరును. ఒక్క దినములో అయిపోవు పచ్చ తేయాకునకు మంచి వెల వచ్చుచుండగ, మూడు దినములు కూర్చుండి చేసినదానికి అంతకంటె ఎక్కువ రానిచో రైతు ఏమి చేయును? మూటగట్టుట తగ్గించును. తరువాత మానివేయును. ఆన్హుయి రాష్ట్రములోని హువోషాన్ కొండల పసుపు మొగ్గలని నేడు అమ్మబడు ఆకులో చాల భాగము నిజమునకు పచ్చ తేయాకువలెనే చేయబడినదని తెలిసినవారందురు. పేరు పసుపు, పని పచ్చ. గూడు ఖాళీగ లేదు, అందు మరియొక పుస్తకము కూర్చున్నది. ఒక పనితనము చచ్చిపోవుట ఇట్లే జరుగును. ఎవరును దానిని నిషేధింపరు. కొనువాడు గుర్తింపడు, చేయువాడు మానును.

దీనికి ఎదురుగ, పేరు తప్పైనను బాగుపడినదియు ఒకటి ఉన్నది. జెజియాంగ్ రాష్ట్రములో ఆన్‌జీ అను మండలమున్నది. అచ్చటి ప్రసిద్ధమైన ఆకు పేరు 'ఆన్‌జీ తెల్ల తేయాకు'. పేరు చూచి తెల్లగూటిలో పెట్టినచో తప్పిపోయితిమి. అది పచ్చ తేయాకే. వసంతకాలపు చలిలో ఆ చెట్టు చిగుళ్లు పచ్చదనము పట్టక పాలిపోయి పుట్టును. ఎండ ముదిరిన కొలది పచ్చబడును. ఆ పాలిపోయిన కొలదిదినములలోనే కోయవలెను. అప్పుడు అందు వగరు తక్కువ, తీపి ఎక్కువ. తెల్లదనము చెట్టుది, పచ్చదనము పనివానిది. రెండింటిలో దేనిని పేరుగ పెట్టవలెను? అచ్చటివారు చెట్టు పక్షము వహించిరి.

పేర్ల మాట వచ్చినది గనుక మరియొకటి. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రములో ఫెంగ్‌హువాంగ్ పర్వతముమీద ఒక్కొక్క చెట్టు ఆకును విడివిడిగ కోసి ఊలాంగు చేయు సంప్రదాయమున్నది. అందు మిక్కిలి సువాసనగల ఒకదాని పేరు 'బాతురెట్ట పరిమళము'! తన చెట్టును ఇరుగుపొరుగువారు కోరి కొమ్మలు కొనిపోకుండుటకు ఒక రైతు ఈ రోతపేరు పెట్టెనని అచ్చటివారు చెప్పుకొందురు. మనకిది వింత గాదు. పుట్టిన బిడ్డలు దక్కని ఇంట దక్కిన బిడ్డకు పెంటయ్య, పుల్లయ్య అని పేరు పెట్టుట మన పల్లెలలోనిదే గదా. 2014 లో దానికి గౌరవమైన క్రొత్తపేరు పెట్టిరి గాని జనులు పాతపేరు వదలలేదు.

ఇక పురుగుల పని. ప్రత్తి రైతులకు పచ్చదోమ అనగా గుండె ఝల్లుమనును. ఆకు రసము పీల్చి పైరును పాడుచేయు ఆ పురుగునకు దగ్గరి చుట్టమొకటి తేయాకు తోటలలో ఉన్నది. తైవాను ద్వీపములో సించు, మియావోలీ ప్రాంతముల రైతులు వేసవిలో ఆ దోమ తోటమీద పడవలెనని ఎదురుచూతురు. దోమ కుట్టిన చిగురు వంకరపోయి పసుపుబారును. కుట్టబడిన ఆకు తన్ను తాను రక్షించుకొనుటకు కొన్ని సుగంధ ద్రవ్యములను పుట్టించును. ఆ వాసనలు దోమను తిను సాలెపురుగులు మొదలగు వానిని పిలుచుటకని పండితుల అభిప్రాయము. మన నోటికి మాత్రము అది తేనె, పండిన ద్రాక్ష కలిసిన వాసన. ఆ తోటలో పురుగుమందు చల్లరాదు, చల్లినచో ఆ తేయాకే లేదు. దీనిని 'ప్రాచ్య సుందరి' అని లోకములో అమ్ముదురు. ఊరివారు పెట్టిన పేరు మాత్రము 'గొప్పలవాని తేయాకు'. పురుగు తిన్న ఆకును పట్నములో గొప్ప వెలకు అమ్మితినని ఒక రైతు వచ్చి చెప్పగ, ఊరివారు నమ్మక కోతలు కోయుచున్నాడనిరట! పండితులు దీనిని ఊలాంగు గూటిలో పెట్టిరి. కాని మార్పు ఎంతో ముదిరి ఎర్ర తేయాకునకు దగ్గరపడినది. పైగ ఆరు తరగతులును కోసిన తరువాత జరుగు పనినిబట్టి ఏర్పడినవి. ఇందలి పని కోయకముందే, చెట్టుమీదనే, ఒక దోమచే మొదలైనది. ఆ పనివానికి వర్గీకరణములో చోటేది?

ఇంకను ముందుకు పోయినవారు గలరు. గ్వీజో, హూనాను, గ్వాంగ్‌సీ కొండలలో కొన్ని ఆకులను కుప్పవేసి, పురుగులు పట్టనిచ్చి, వాని పెంటికలను జల్లించి, ఎండబెట్టి, కషాయము కాచుదురు. దానిని పురుగు తేయాకు అందురు. ఆ ఆకులు పలుమారు తేయాకు చెట్టువియే కావు. అక్కలు ముఖములు చిట్లించుచున్నారు. తేనెటీగ మింగి కక్కినదానిని మనము దేవునికి అభిషేకము చేయుచున్నామని మాత్రము మనవి చేసి ముందుకు సాగెదను.

అన్నిటికంటె ఎక్కువ తగవు తెచ్చినది యునాను రాష్ట్రపు పుఅర్ తేయాకు. యునాను చైనాకు నైఋతి మూల, బర్మా సరిహద్దున ఉన్నది. అచ్చటి పెద్దాకు చెట్ల ఆకును కొంచెము వేచి, నలిపి, ఎండలో ఆరబెట్టి, ఆవిరి చూపి, రొట్టెలవలె అచ్చు వేయుదురు. అప్పుడే త్రాగినచో అది పచ్చ తేయాకువలె వగరుగ, పదునుగ ఉండును. పది, ఇరువది యేండ్లు గాలి తగులుచోట దాచినచో మెల్లమెల్లగ ముదిరి, రంగు తిరిగి, పాత చెక్క, ఖర్జూరము వాసన వచ్చును. పుట్టుకలో ఒక గూటిది, ముసలితనములో మరియొక గూటిది. నడుమ వయస్సులో ఎచ్చట పెట్టవలెను? అంతకాలము ఆగలేని వర్తకుల కొఱకు 1973 లో కున్‌మింగ్ తేయాకు కర్మాగారములో తడిపి కుప్పవేయు పద్ధతిని సిద్ధపరచిరి. తడిసిన గడ్డివామిలో చేయిపెట్టి చూచినవారికి ఆ వేడి తెలియును. అట్లే కుప్పవేసి, తడిగోనెలు కప్పి, తిరుగవేయుచు నెలన్నర, రెండు నెలలలో ముదుక రుచి తెప్పింతురు. మొదటిది పచ్చి పుఅర్, రెండవది పండు పుఅర్. రెండవది నల్ల తేయాకనుటలో పేచీ లేదు. మొదటిదానిని గూర్చి నేటికిని వాదములు తెగలేదు. 2008 నాటి చైనా ప్రభుత్వ ప్రమాణము, యునాను పెద్దాకుతో అక్కడనే చేసినదానికే ఆ పేరు చెల్లునని గిరిగీసి, రెండును పుఅర్‌లే యని నిర్ణయించినది. గూడు దొరకనిదానికి క్రొత్త గూడు కట్టిరన్నమాట.

ఈ తేయాకు కథలో మన ఊరివారు వినదగిన ఘట్టమొకటి ఉన్నది. దాచిన కొలది వెల పెరుగు వస్తువు దొరికినచో మానవుడు ఊరకుండునా? 2000 తరువాత పట్నవాసులు పుఅర్ అచ్చులను త్రాగుటకు గాక దాచుటకు కొనసాగిరి. ఒకడు కొని రెండవవానికి, రెండవవాడు మూడవవానికి, త్రాగినవాడు లేడు. కొండ పల్లెలలో ఎన్నడును వర్తకుడు తొక్కని గడపలకు దళారులు వచ్చిరి. పాతచెట్ల ఆకు వెల సంవత్సరమునకు సంవత్సరము ఎగసినది. సిమావో అను నగరము 2007 లో తన పేరునే పుఅర్ అని మార్చుకొనెను. ఆ యేడే వెలలు కూలిపోయినవి. ఆలస్యముగ అప్పుచేసి కొన్నవారి ఇండ్లలో అచ్చులు గుట్టలుగ మిగిలిపోయినవి. కొంపల్లి, దూలపల్లి చుట్టుప్రక్కల గజము లెక్కన భూముల బేరములను చూచినవారికి, బయానా కాగితము చేతులు మారుటయే వ్యాపారమైన దినములను ఎరిగినవారికి, నేను ఇంతకంటె విప్పి చెప్పనక్కరలేదు.

అయితే ఆ కొండలలోనే వేరొక చిత్రమును గలదు. జింగ్‌మాయ్ అను పర్వతముమీద బులాంగ్, దాయ్ జాతులవారు సుమారు వేయి యేండ్లుగ తేయాకును అడవి నీడలోనే పెంచుచున్నారు. పెద్దచెట్లను కొట్టరు, వాని క్రింద తేయాకు చెట్లు, వాని క్రింద మందుమొక్కలు. తొమ్మిది పల్లెలు ఆ వనముల నడుమ ఉన్నవి. 2023 లో యునెస్కో ఆ ప్రదేశమును ప్రపంచ వారసత్వములలో చేర్చినది. అది అడవియా, తోటయా? మన దూలపల్లిలో అటవీ విద్యాలయమున్నది, అటవీ జీవవైవిధ్య సంస్థ ఉన్నది; ఊరి ప్రక్కనే అడవి ఉన్నది. అడవి యనగా ఒక గీతకు అవతల, సాగు యనగా గీతకు ఇవతల అని మనకు అలవాటు. ఆ గీత లేని చోటనే అంత విలువైన ఆకు పుట్టినదనుట అచ్చటి విద్యార్థులు గూడ వినవలసిన సంగతి.

బూజు పట్టిన వస్తువును మన ఇండ్లలో పారవేయుదురు, అది మంచి అలవాటు. కాని హూనాను ఆకుతో షెన్‌సీ రాష్ట్రపు జింగ్‌యాంగ్‌లో చేయుచు వచ్చిన 'ఫూ ఇటుక' తేయాకులో బూజు లేనిచో కొనరు! ఇటుక విరిచినప్పుడు లోపల ఆవగింజలకంటె చిన్నవైన బంగారు చుక్కలు కనబడవలెను. ఆస్పర్జిల్లస్ క్రిస్టాటస్ అను ఒక జాతి బూజు అది. వారు 'బంగారు పూలు' అందురు. పాలు, మాంసము తప్ప కాయగూర దొరకని వాయవ్యపు గడ్డిమైదానముల పశుపాలకులకు ఈ ఇటుకయే ఆకుకూర. పండితులు నల్ల తేయాకులలో చేర్చిరి, కాదనుటకు లేదు. కాని ఆ గూటిలోని తక్కిన వానితో దీనికి పోలిక తక్కువ. (ఈ మాట పట్టుకొని బూజు పట్టిన చాయపత్తిని ఎవరును కాచరాదని మనవి. ఆ బూజు వేరు, మన వానకాలపు బూజు వేరు.)

త్రాగుటయే గదా అన్న కార్యదర్శిగారికి ఇప్పుడు జవాబు చెప్పగలను: తినుటయు ఉన్నది. జింగ్‌మాయ్‌లో చెప్పిన బులాంగ్ వారే ఆకును ఉడికించి, వెదురు గొట్టములలో కూరి, మట్టిలో పాతి, నెలలు గడచిన పిదప తీసి, ఉప్పు, మిరపకాయతో నంజుకొందురు. అనగా తేయాకు ఊరగాయ! సరిహద్దు దాటి బర్మాలో దీని చుట్టమును 'లపెట్' అందురు. వేరుసెనగలు, నువ్వులు, వేచిన వెల్లుల్లి కలిపి అతిథికి పెట్టుదురు. ఒకప్పుడు కోరంగి, కాకినాడ రేవులనుండి పోయి రంగూనులో బ్రదికిన తెలుగువారు వేలకొలది. 1942 యుద్ధములో కొందరు, 1962 తరువాత మరికొందరు తిరిగి వచ్చిరి. అట్టి కుటుంబములలో పెద్దలున్నచో లపెట్టును గూర్చి అడిగి చూడుడు. ఊరగాయ జాతికి పుట్టిల్లయిన తెలుగుదేశమునకు, ఆరు తరగతుల పండితులకంటె ఈ ఆకు తొందరగ అర్థమగును. మన అస్సాములోని సింగ్‌ఫో జాతివారును వెదురులో ఆకును దట్టించి పొయ్యిమీద పొగబెట్టి 'ఫలాప్' చేయుదురు. 1823 లో రాబర్టు బ్రూసు అను స్కాట్లండు వర్తకుడు ఆ ప్రాంతమునకు పోవువరకు అస్సాములో తేయాకు ఉన్నదను మాట ఇంగ్లీషువారికి తెలియదు.

అసలు తేయాకే కానిది తేయాకు గూటిలో దూరుటయు గలదు. 'కూడింగ్' అని చైనాలో అమ్ము చేదు తేయాకు మరియొక చెట్టు ఆకు. చేదు కోరువారికి మన వేపచిగురు ఉన్నది గనుక దానిని వదలెదను.

ఇక మన చాయ. హైదరాబాదు ఇరానీ చాయను ఏ గూటిలో పెట్టుదురు? ఆకు పుట్టుక చైనాది. పండునది అస్సాములో, నీలగిరులలో. దానిని నలిపి, చించి, గుండ్రని పలుకులుగ చేయు యంత్రము 1930 ప్రాంతమున అస్సాము తోటలలో పుట్టినది. పేరు ఇరాను దేశముది. ఆ దేశమువారు మాత్రము పాలు లేని చాయను చక్కెరబిళ్ల నోట పెట్టుకొని త్రాగుదురు. పాలు దక్కను గేదెవి. ఆరు తరగతుల పట్టీలో మన చాయపత్తి ఎర్ర తేయాకు అని ఒక ముక్కలో తేలిపోవును. కాని కషాయమును మూతవేసి సన్నసెగపై దమ్ము పట్టించుట, పాలను వేరుగ మరిగించి చిక్కబరచుట, రెండును కప్పులో ఎంత పాళ్లలో కలియవలెనో చేతి అలవాటుతో పోయుట, ఇదంతయు ఆ పట్టీలో లేదు. చైనావారి వర్గీకరణము ఆకు చేసినవాని చేతిలో ఆగిపోవును; మన చాయ అచ్చటనే మొదలగును. ఆకును మరిగించి పాడుచేయుచున్నామని కొందరు రసికులు మనలను పరిహసింతురు. ఎనిమిదవ శతాబ్దములో తేయాకుమీద మొట్టమొదటి గ్రంథము వ్రాసిన లు యు, అచ్చులు కాల్చి పొడిచేసి, మరుగు నీటిలో ఉప్పు వేసి మరీ కాచెను. రసికులు ముందు ఆయనతో తేల్చుకొనవలెను.

కాని పరిహాసముకంటె పెద్ద కీడు ఉపేక్ష. పోచంపల్లి నేతకు 2005 లో భౌగోళిక గుర్తింపు వచ్చినది. దార్జిలింగు తేయాకునకు అంతకు కొంచెము ముందే వచ్చినది. పేరు, గూడు దొరికినందున అవి ఏమైనవో, ఎవరు చేయవలెనో, ఏది నకిలీయో చెప్పుటకు ఒక కాగితమైనను కలదు. చాయ హోటలులో పొయ్యి వెనుక నిలుచుండు ఉస్తాదు పనితనము ఎచ్చట వ్రాసి ఉన్నది? అద్దెలు పెరిగి జంటనగరములలో పాత ఇరానీ హోటళ్లు ఒక్కొక్కటియే మూతపడుచున్నవి. 'దమ్ చాయ', 'ఇరానీ చాయ' అను బోర్డులు మాత్రము ప్రతి మలుపునను పెరుగుచున్నవి. లోపల ఒకే గిన్నెలో పాలు, పత్తి, చక్కెర కలిపి కాచుచున్నారు. హువోషాన్ పసుపు మొగ్గలకు జరిగినదే, వేయి క్రోసుల దూరములో మన కప్పులోను జరుగుచున్నది. మన గ్రంథాలయమున పాతపత్రికలు భద్రపరచు బీరువా ఉన్నది. అందు ఒక నోటుపుస్తకము పెట్టి, ఇంకను పనిలో ఉన్న ముదుసలి ఉస్తాదులలో ఒకరిద్దరిని కలిసి, వారి కొలతలు, సెగలు, ఆకు పాళ్లు వ్రాసి తెచ్చుటకు యువకులలో ఇద్దరు ముందుకు వచ్చినచో, ఆ నోటుపుస్తకమును ఏ గూటిలో పెట్టవలెనో తరువాత తగవు పడుదము.

ఈ బల్లమీద మూడు పొట్లములున్నవి. ఒకటి ఆన్‌జీది, ఒకటి పండు పుఅర్, మూడవది ఫూ ఇటుక ముక్క. పైన కాగితము తీసివేసి అంకెలు మాత్రము వేయించితిని. ఏది ఏ గూటిదో మీరే చెప్పవలెను. రెండవదానికి మొదటి నీరు పోసి పారబోసి, రెండవ నీరు త్రాగవలెను. మొదటిదానికి సలసల కాగిన నీరు పనికిరాదు, కొంచెము ఆరనీయవలెను. మూడవది కాచినను ఫరవాలేదు. పాలు, చక్కెర తేలేదు. పిల్లలకు ఒక్కొక్క గుటక చాలును, రాత్రి నిద్ర పట్టదు.